గొంతు పెరిగిన చోట

18 లక్షల బిల్లు. సరుకు దింపి 90 రోజులు దాటింది. బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పదిహేను మంది పనివాళ్లతో నడిచే ఒక చిన్న మెషినింగ్ యూనిట్ యజమాని ఆ డబ్బు కోసం పెద్ద కంపెనీ పర్చేజ్ మేనేజర్ ఎదురుగా కూర్చున్నాడనుకుందాం. పేమెంట్ మాట ఎత్తగానే ఆయన ఫైలు బల్లమీద కొట్టాడు. "మీ మెటీరియల్ వల్ల మా లైన్ ఆగిపోయింది. ఇంకా డబ్బులడగడానికి ఎలా వచ్చారండీ? మీలాంటి వెండర్లు నాకు యాభై మంది ఉన్నారు" అన్నాడు. పక్క క్యాబిన్లలో వాళ్లు తలలు తిప్పి చూశారు. నాలుగు నిమిషాల తర్వాత యజమాని బయటికొచ్చాడు. బిల్లులో ఆరు శాతం తగ్గించుకోవడానికి ఒప్పుకుని వచ్చాడు.

ఆరు శాతమంటే 1,08,000 రూపాయలు. ఆ ఆర్డరు మీద అతనికి పది శాతం మిగులుతుందనుకుంటే మొత్తం లాభం 1,80,000. అందులో సగానికి పైగా నాలుగు నిమిషాల్లో పోయింది. లోపం ఏ లాట్‌లో వచ్చిందో, ఎన్ని పీసులు రిజెక్ట్ అయ్యాయో అతను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ లక్షా ఎనిమిది వేలు సరుకులో లోపానికి కట్టిన మూల్యం కాదు. ఆ గదిలో గొంతు తగ్గడానికి కట్టిన మూల్యం.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. శత్రుత్వంతో మాట్లాడే మనిషి ఎదురైనప్పుడు మనం కోపం తెచ్చుకుని బేరం చెడగొట్టుకోవడం ఒక నష్టం. అది అందరికీ కనబడుతుంది. కనబడని నష్టం అంతకంటే పెద్దది. "పోనీలే, గొడవెందుకు" అనుకుని, ఆ ఇబ్బందికరమైన క్షణం ముగిసిపోవడం కోసం మన డబ్బు, మన గడువు, మన షరతు వదులుకోవడం. చిన్న వ్యాపారాలను లోలోపల తినేసేది ఎక్కువగా ఈ రెండోదే. మర్యాదస్తులమని పేరున్న కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ.

భావోద్వేగ ప్రజ్ఞ అన్న ఆలోచనకు శాస్త్రీయమైన రూపం ఇచ్చింది పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు, 1990లో. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. పాకుతూ పాకుతూ దాని అర్థం మాత్రం పలచబడింది. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండటం, ఎవరినీ నొప్పించకపోవడం, సర్దుకుపోవడం అని చాలామంది అనుకుంటున్నారు. సాలొవే, మేయర్ చెప్పినది వేరు. తనలోనూ ఎదుటివారిలోనూ కదులుతున్న భావాన్ని గుర్తుపట్టడం, ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వేరు చేయడం, ఆ తెలివిని ఆలోచనకూ చేతకూ వాడుకోవడం. సర్దుకుపోవడం అందులో ఒక చేత కావచ్చు. కాదనడం కూడా అందులో ఒక చేతే.

కోపం ఎందుకు పనిచేస్తుంది?

అరిచేవాళ్లు అరుస్తూనే ఉండటానికి కారణం ఉంది: అరుపు చాలాసార్లు ఫలిస్తుంది. 2004లో వాన్ క్లీఫ్, డి డ్రూ, మాన్‌స్టెడ్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మొబైల్ ఫోన్ల సరుకు అమ్మే బేరం, కంప్యూటర్ ద్వారా. అవతలి వ్యక్తి నుంచి కొందరికి కోపపు సందేశాలు వచ్చేలా, కొందరికి సంతోషపు సందేశాలు వచ్చేలా చేశారు. కోపాన్ని చవిచూసినవాళ్లు ఎక్కువ దిగివచ్చారు. ఇతను ఇంతకంటే కదలడని లెక్కవేసుకుని తమ కోరికను తామే తగ్గించుకున్నారు. 

కానీ కథ అక్కడితో ఆగలేదు. రెండేళ్ల తర్వాత సినాసర్, టీడెన్స్ అనే ఇద్దరు ఇంకో మెలిక చూపించారు. కోపం ఫలించేది, దాన్ని భరిస్తున్న మనిషికి వేరే దారి లేనప్పుడు. తనకు ఇంకో గిరాకీ ఉందనుకునేవాడి మీద అదే కోపం అంతగా పనిచేయలేదు. 2013లో కోటె, హిడెగ్, వాన్ క్లీఫ్ చేసిన పరిశోధన మూడో సంగతి తేల్చింది. నటించిన కోపాన్ని ఎదుటివాళ్లు పసిగడతారు, నమ్మకం పోతుంది, వాళ్ల డిమాండ్లు ఇంకా పెరుగుతాయి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వ్యాపారికి పనికొచ్చే పాఠం దొరుకుతుంది. గదిలో మీరు ఎంత స్థిమితంగా ఉండగలరన్నది చాలావరకు గదిలోకి వెళ్లకముందే నిర్ణయమై ఉంటుంది. మీ అమ్మకాల్లో ఎనభై శాతం ఒకే కంపెనీకి వెళుతుంటే, ఎంత ప్రాణాయామం చేసినా ఆ పర్చేజ్ మేనేజర్ గొంతు పెంచగానే మీ కడుపులో తిప్పుతుంది. అది మీ బలహీనత కాదు, మీ ఆర్డర్ బుక్ చెబుతున్న నిజం. ధైర్యం గురించి చెప్పే పుస్తకాలు ఈ సంగతి దాటేసిపోతాయి, నాకు వాటితో ఉన్న పేచీ అదే. ఇంకో ఇద్దరు కస్టమర్లను వెతకడం, బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ పెంచుకోవడం, బిల్లులను డిస్కౌంట్ చేసుకునేందుకు రిజర్వ్ బ్యాంక్ అనుమతితో నడుస్తున్న ట్రెడ్స్ వేదికల్లో చేరడం, ఇవన్నీ కూడా మనసును సిద్ధం చేసుకోవడంలో భాగమే.

వెళ్లేముందు ఇంట్లో కోపాలు

శ్రీకృష్ణ రాయబారం మనకు కొత్త కథ కాదు. తిక్కన ఉద్యోగపర్వం చదవనివాళ్లు కూడా తిరుపతి వెంకట కవుల నాటకం పుణ్యమా అని ఊరి అరుగుమీద కూర్చుని దాన్ని విన్నవాళ్లే. అందులో మనకు గుర్తుండేది కౌరవ సభ. దానికి ముందు జరిగినదాన్ని పెద్దగా పట్టించుకోము. కృష్ణుడు బయల్దేరే ముందు పాండవులు ఒక్కొక్కరి మనసులో ఏముందో విన్నాడు. ధర్మరాజు యుద్ధం వద్దంటాడు. ఎప్పుడూ గద ఎత్తే భీముడు కూడా ఆశ్చర్యంగా శాంతి మాట మాట్లాడతాడు. సహదేవుడు యుద్ధమే కావాలంటాడు. ద్రౌపది తన జుట్టు చూపించి తన అవమానం సంగతేమిటని అడుగుతుంది. ఇన్ని రకాల కోపాలనూ భయాలనూ విన్న తర్వాతే రాయబారి రథమెక్కాడు. పైగా ఎంతకు దిగవచ్చో కూడా ముందే తేలి ఉంది: ఐదూళ్లు.

వ్యాపారంలోనూ మొదటి బేరం మన పక్షంతోనే. కుటుంబ సంస్థల్లో ఇది మరీ ముఖ్యం. పార్టనర్‌గా ఉన్న బావమరిదికి ఆ కంపెనీ మీద పాత కక్ష ఉండొచ్చు. అమెరికాలో చదివొచ్చిన అబ్బాయికి "వీళ్లని వదిలేద్దాం నాన్నా" అని ఉండొచ్చు. అకౌంట్స్ చూసే అమ్మాయి నెలనెలా ఆ కంపెనీకి ఫోన్లు చేసి విసిగిపోయి ఉండొచ్చు. వీళ్లలో ఎవరి కోపం వినకుండా వెళ్లినా, ఆ కోపం మీతోపాటే మీటింగ్‌కి వస్తుంది. లేదా మీరు ఒప్పుకుని వచ్చాక ఇంట్లో గొడవై కూర్చుంటుంది. బయల్దేరే ముందురోజు అందరినీ కూర్చోబెట్టి అడగండి: ఈ కస్టమర్ దగ్గర మనకు దేనికి బాధ? దేనికి భయం? ఎక్కడ ఆగాలి? అక్కడికక్కడే రెండు అంకెలు కాగితం మీద రాయండి. ఒకటి మీరు కోరేది, రెండోది మీరు దిగగలిగే చివరి మెట్టు. ఆ రెండో అంకె మీకొక్కరికే తెలిసి ఉంటే ఒత్తిడిలో అది జారిపోతుంది. ఇంకొకరికి చెప్పి వెళ్లినప్పుడు నిలబడుతుంది.

చట్టం కూడా తెలుసుకుని వెళ్లండి. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, 2006 ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం మీ వెనక ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, సరుకు అంగీకరించిన నాటి నుంచి 45 రోజులకు మించి గడువు పెట్టే వీలు కొనేవాళ్లకు లేదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. చెల్లింపు వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే హక్కు మీకుంది, ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఒకటి తోడైంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేదు, చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. పర్చేజ్ మేనేజర్‌కు ఇది పట్టకపోవచ్చు. వాళ్ల అకౌంట్స్ హెడ్‌కు మార్చి నెలలో ఇది తప్పకుండా పడుతుంది. కాబట్టి ఏ గదిలో ఎవరితో మాట్లాడాలన్నది కూడా ఒక నిర్ణయమే.

ఇదంతా బెదిరించడానికి కాదు. మొదటి మీటింగ్‌లో సెక్షన్ల నంబర్లు చదివితే పగ పెరుగుతుంది తప్ప చెక్కు రాదు. ఆ కాగితం బ్యాగులో ఉంటే చాలు. అవతలివాడు అరుస్తున్నప్పుడు మీ వీపు కుర్చీకి నిబ్బరంగా ఆనుకుని ఉండటానికి అది పనికొస్తుంది.

ఆ మొదటి నిమిషం

శరీరం మనకంటే ముందు స్పందిస్తుంది. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి మెడ బిగుస్తుంది, కొందరికి నోరెండిపోతుంది. కొందరు విచిత్రంగా నవ్వడం మొదలుపెడతారు. మీ గుర్తు ఏదో మీరు కనిపెట్టుకోవాలి. అది కనబడిన క్షణంలో చేయాల్సిన పని ఒక్కటే, ఏ జవాబూ ఇవ్వకపోవడం. ఊపిరి మెల్లగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. పెన్ను తీసి నోట్‌బుక్ తెరిచి తేదీ రాయండి. రాసే మనిషి ముందు అరిచేవాడు తన మాటలను కాస్త చూసుకుంటాడు, మీకేమో అరనిమిషం దొరుకుతుంది.

అదే అరనిమిషంలో మనసులో ఒక పేరు పెట్టుకోండి. "నాకు అవమానంగా ఉంది" అనో, "ఆర్డరు పోతుందని భయంగా ఉంది" అనో. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లతో చేసిన అధ్యయనంలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలను చూస్తూ ఆ భావానికి సరైన పేరు ఎంచుకున్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గినట్టు తేలింది. పేరు పెట్టిన భావం మాయమైపోదు. దానికీ, దాన్ని చూస్తున్న మీకూ మధ్య కాస్త ఎడం ఏర్పడుతుంది. అంత దూరం చాలు.

సంప్రదింపుల మీద 1981లో వచ్చిన ప్రసిద్ధ పుస్తకం 'గెటింగ్ టు ఎస్' రచయితల్లో ఒకరైన విలియమ్ యూరీకి 2003లో జరిగినది ఈ సందర్భంలో చెప్పుకోవాలి. వెనెజులాలో ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ మధ్య అంతర్యుద్ధం వస్తుందేమోనని భయపడుతున్న రోజులు. మధ్యవర్తిగా వెళ్లిన యూరీ, పరిస్థితి కాస్త మెరుగైనట్టుందన్నారు. అధ్యక్షుడు హ్యూగో చావెజ్ మండిపడ్డారు. తన మంత్రులందరి ముందే, యూరీ ముఖానికి దగ్గరగా వచ్చి, దాదాపు అరగంట అరిచారు. యూరీ తన అరచేతిని గిల్లుకుంటూ నిలబడ్డారట, తనను తాను సమర్థించుకోవాలన్న ఆత్రాన్ని ఆపుకోవడానికి. వాదించలేదు, తల దించుకోలేదు. శ్రద్ధగా విన్నారు. ఎదురు దొరకని కోపం చివరికి అలిసిపోయింది. చావెజ్ భుజాలు దిగాయి. ఇప్పుడు నన్నేం చేయమంటావని అడిగారు. అప్పుడు యూరీ, క్రిస్మస్ వస్తోంది కాబట్టి ఇరుపక్షాలూ కొన్నాళ్లు గొడవలు ఆపితే బాగుంటుందన్నారు. అధ్యక్షుడికి ఆ మాట నచ్చింది.

ఈ సంఘటనలో అందరూ మెచ్చుకునేది యూరీ సహనాన్ని. నన్ను ఆకట్టుకునేది ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న సూచన. విని విని చివర్లో చెప్పడానికేమీ లేకపోతే ఆ సహనం వృథా అయ్యేది. అడిగే క్షణం వచ్చినప్పుడు చేతిలో చిన్నదైనా, ఆచరించదగిన ప్రతిపాదన ఉండాలి.

కోపం ఏ రకానిది?

అన్ని అరుపులూ ఒకటి కావు. నాకు తెలిసినంతలో మూడు రకాలు కనబడతాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో కలిసి కనబడతాయి.

మొదటిది నిజంగా నష్టపోయినవాడి కోపం. ఇందులో వివరాలుంటాయి. "పన్నెండో తారీఖు వచ్చిన లాట్‌లో బోర్ సైజు తేడా వచ్చింది, రాత్రి షిఫ్ట్ మొత్తం కూర్చోబెట్టాం" అంటాడు. ఈ కోపానికి గౌరవం ఇవ్వాలి. తప్పు మీదైతే సాకులు చెప్పకుండా ఒప్పుకోవాలి, ఎంతవరకు మీదో అంతవరకే.

రెండోది పైనుంచి పడ్డ కోపం. ఆ మేనేజర్‌కు ఉదయమే ప్లాంట్ హెడ్ దగ్గర అక్షింతలు పడి ఉంటాయి. మీరు మధ్యాహ్నం వచ్చారు. ఇక్కడ అరుపు వెనక ఉన్నది భయం. ఇలాంటివాడికి కావాల్సింది తన పైవాడికి చూపించుకోవడానికి ఒక కాగితం, ఒక తేదీ, ఒక పరిష్కారం. అది మీరివ్వగలిగితే నిన్నటిదాకా అరిచినవాడే రేపు మీ తరఫున మాట్లాడతాడు.

మూడోది ఎత్తుగడ. రేటు మాట వచ్చినప్పుడే లేస్తుంది, మీరు దిగగానే మాయమవుతుంది. మధ్యలో ఫోన్ మోగితే ఆయన తేనెలా మాట్లాడి, పెట్టేసి మళ్లీ మీమీద విరుచుకుపడతాడు. వివరాలడిగితే దాటవేస్తాడు. దీన్ని గుర్తుపట్టాక "మీరు నటిస్తున్నారు" అనాలని నాలుక దురద పెడుతుంది. అనకండి. ముసుగు లాగేస్తే ఆయన పరువు పోతుంది, పరువు పోయినవాడు లాభం వదులుకుని కూడా మిమ్మల్ని దెబ్బతీస్తాడు. ఎత్తుగడ అని మీకు తెలిస్తే చాలు. దానికి ధర కట్టకపోవడమే దానికి జవాబు.

మూడింటినీ వేరు చేసే పరీక్ష ఒకటే: వివరాలు అడగడం. మొదట చెప్పిన సన్నివేశానికి తిరిగి వద్దాం. ఫైలు బల్లమీద పడింది, లైన్ ఆగిపోయిందన్న మాట వచ్చింది. మన యజమాని ఇలా మాట్లాడి ఉండాల్సింది:

"లైన్ ఆగిందంటే మామూలు విషయం కాదు సార్. పైనుంచి మీమీద ఎంత ఒత్తిడి వచ్చిందో నాకర్థమవుతుంది. ఏ లాట్ సార్ అది? ఇన్వాయిస్ నంబర్ చెప్తే రాసుకుంటాను."

"అన్నీ చెత్తే! ఏ లాట్ అని చెప్పమంటారు?"

"సరే సార్. అన్నిటినీ చూద్దాం. ఈ బిల్లులో ఐదు లాట్లున్నాయి. ఐదింటికీ సరుకు అందిందని మీ స్టోర్స్ ఇచ్చిన జీఆర్ఎన్‌లు నా దగ్గరున్నాయి. రిజెక్షన్ నోట్ ఉంటే అది కూడా పక్కన పెట్టుకుని మీ క్వాలిటీ వాళ్లతో పది నిమిషాలు కూర్చుంటాను. మా వల్ల పోయిన పీసులు ఎన్ని తేలితే అన్ని మారుస్తాం."

"ముందు ఆరు శాతం తగ్గించండి, తర్వాత చూద్దాం."

"లోపం తేలిన దానికి డెబిట్ నోట్ ఇవ్వండి సార్, కాదనను. తేలకముందు తగ్గించడం నావల్ల కాదు."

ఇందులో ఒక్క మాట కూడా గట్టిగా లేదు, ఒక్క రూపాయి కూడా పోలేదు. మొదటి వాక్యం ఆయన కష్టాన్ని గుర్తించింది, ఒప్పుకోలేదు. ఈ రెండింటికీ తేడా తెలియక చాలామంది నలిగిపోతారు. "మీకు కోపం రావడం నాకర్థమవుతుంది" అన్నంత మాత్రాన తప్పు మీమీద వేసుకున్నట్టు కాదు. ఇక "శాంతించండి సార్", "టెన్షన్ పడకండి సార్" అన్న మాటలు పొంగుతున్న పాలమీద మూత పెట్టడం లాంటివి. ఆ మాట విని శాంతించినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

చివరి వాక్యం చూడండి: "నావల్ల కాదు". మనవాళ్లకు కష్టమైన మాట అది. "చూద్దాం సార్", "మా పార్టనర్‌ని అడిగి చెప్తాను సార్" అని తప్పించుకుంటాం. అవతలివాడు దాన్ని సగం ఒప్పుకోలుగా లెక్కవేస్తాడు, రేపు ఫోన్‌లో అక్కణ్నుంచి మొదలుపెడతాడు. కాదన్నమాట మెత్తగా, పొట్టిగా, ఒక్క కారణంతో చెప్పండి. కారణాలు ఎన్ని చెబితే అన్నిటినీ ఆయన ఒక్కొక్కటిగా కొట్టేస్తాడు. చెప్పాక మౌనంగా ఉండండి. ఆ నిశ్శబ్దంలోనే ఎక్కువమంది చేతులెత్తేస్తారు, అవతలివాడు ఏమీ అనకుండానే "పోనీ మూడు శాతం" అనేస్తారు. గోడ గడియారం చూస్తూనైనా ఆగండి.

ఒక నియమం పెట్టుకోమని నా సలహా: అరుపు వినిపించిన మీటింగ్‌లో ఏ తగ్గింపూ ఇవ్వకూడదు. ఇవ్వాల్సిందే అనిపిస్తే మర్నాడు ఇవ్వండి, కారణం రాసి, బదులుగా ఏదో ఒకటి తీసుకుని ఇవ్వండి. "ముప్పై శాతం అడ్వాన్స్ ఇస్తే వచ్చే ఆర్డర్‌లో రెండు శాతం తగ్గిస్తాం" అన్నది వ్యాపారం. అరిస్తే తగ్గించారు అన్నది అవతలివాడికి మీరు నేర్పిన అలవాటు, వచ్చే త్రైమాసికంలో దాన్ని తప్పకుండా వాడతాడు.

గీత ఎక్కడ గీయాలి

కోపం వినడం వేరు, తిట్లు పడటం వేరు. పని మీద ఎంత గట్టిగా మాట్లాడినా వినవచ్చు. కులం మీద, కుటుంబం మీద, ఆడతనం మీద, యాస మీద ఒక్క మాట పడితే మీటింగ్ అక్కడితో ఆపాలి. గొంతు పెంచకుండానే ఆపవచ్చు. "సార్, సరుకు గురించి ఎంత గట్టిగానైనా మాట్లాడండి, వింటాను. ఈ మాట మాత్రం వద్దు. ఇవాళ్టికి లేస్తాను, రేపు పదకొండింటికి వస్తాను." లేవడం, మళ్లీ వచ్చే టైం చెప్పడం, రెండూ ఉండాలి. టైం చెప్పకుండా లేస్తే అది అలక అవుతుంది.

మహిళా పారిశ్రామికవేత్తలకు ఎదురయ్యే శత్రుత్వం చాలాసార్లు అరుపుగా కూడా రాదు. పక్కనున్న అకౌంటెంట్ మగవాడైతే ప్రశ్నలన్నీ అతణ్నే అడుగుతారు. "మీవారిని ఒకసారి పంపండమ్మా, మాట్లాడతాం" అంటారు. నవ్వుతూ అన్న మాట కాబట్టి ఎదురు చెప్పడం మొరటుతనంలా అనిపిస్తుంది. ఈ మాట విని నవ్వి ఊరుకోకూడదని నేను నమ్ముతాను. అక్కడే, ఆ క్షణంలోనే సరిచేయాలి: "ఈ ఆర్డరు మీద నిర్ణయం నాదే సార్. రేటు దగ్గర మొదలుపెడదాం." ఆ వెంటనే ఒక అంకె చెప్పండి. అంకె చెప్పిన మనిషితోనే బేరం నడుస్తుంది. అకౌంటెంట్‌తో కూడా ముందే మాట్లాడి ఉంచుకోవాలి, ఎవరేమడిగినా "మేడమ్ చెప్తారు" అనమని.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. మన కోపానికి కూడా బేరంలో చోటుంది. నటించిన కోపం ఎదురుతిరుగుతుందని పైన చూశాం. నిజంగా నొచ్చుకున్నప్పుడు ఆ సంగతిని నిజాయితీగా, ఒక్కసారి, మనిషి మీద కాకుండా చేత మీద పెట్టి చెబితే దానికి బరువుంటుంది. "మూడుసార్లు తేదీ ఇచ్చి మూడుసార్లూ మార్చారు. ఇది నన్ను బాధపెట్టింది సార్" అన్న మాట ఏ అరుపుకన్నా ఎక్కువ దూరం వెళుతుంది.

ఫోన్లు, వాట్సాప్‌లు

ముఖాముఖిలో లేని ప్రమాదం ఇక్కడుంది. రాత్రి పదింటికి వచ్చిన మెసేజ్‌లో ఏ గొంతూ వినబడదు. చదివేవాడి మనసులో ఉన్న గొంతే వినబడుతుంది. "రేపటికల్లా మెటీరియల్ రాకపోతే ఆర్డర్ క్యాన్సిల్" అన్న వాక్యం వేడుకోలు కావచ్చు, బెదిరింపు కావచ్చు. రాత్రిపూట జవాబు రాయకండి. రాయాల్సే వస్తే "చూశాను సార్, ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను" వరకే. పొద్దున ఫోన్ చేయండి. మెసేజ్‌లో పులిలా ఉన్నవాడు గొంతు వినగానే చాలాసార్లు మనిషవుతాడు. మీరు కోపంలో టైప్ చేసిన ప్రతి వాక్యమూ స్క్రీన్‌షాట్‌గా వాళ్ల ఎండీ దగ్గరికి చేరుతుందనుకునే రాయండి. గ్రూపులో ఎవరైనా నలుగురి ముందు నిలదీస్తే గ్రూపులోనే జవాబు చెప్పుకోవాలని ఉంటుంది. అక్కడ ఒక్క వాక్యంలో వాస్తవం పెట్టి, మిగతాది విడిగా మాట్లాడండి. నలుగురి ముందు ఎవరూ వెనక్కి తగ్గరు.

మీటింగ్ అయ్యాక

బయటికొచ్చాక పార్కింగ్‌లో పదినిమిషాలు ఆగి జరిగినది రాసుకోండి. ఆయన అన్న మాటలు కాదు, తేలిన సంగతులు. సాయంత్రంలోగా ఒక మెయిల్ పంపండి, మర్యాదగా, ఏ నిష్ఠూరమూ లేకుండా: ఏ లాట్లు పరిశీలిస్తామన్నారు, క్వాలిటీ వాళ్లతో ఎప్పుడు కూర్చుంటున్నాం, వివాదం లేని లాట్ల డబ్బు ఏ తేదీకి వేస్తామన్నారు. మన సన్నివేశంలో ఐదు లాట్లలో ఒకదాని మీదే పేచీ అయితే మిగతా నాలుగింటి డబ్బు ఆగాల్సిన పనిలేదు. అరుపు జరిగినప్పుడు అన్నీ ఒకే ముద్దగా కనబడతాయి. మెయిల్‌లో వాటిని విడదీయవచ్చు. ఆ మెయిల్‌ను అకౌంట్స్ హెడ్‌కు కూడా కాపీ పెట్టండి.

ఇంటికి వెళ్లేముందు ఆ కోపాన్ని ఎక్కడో దింపుకోవాలి. లేకపోతే సాయంత్రం షిఫ్ట్‌లో లేత్ మీద ఉన్న కుర్రాడి మీద దిగుతుంది. పర్చేజ్ మేనేజర్‌కు ప్లాంట్ హెడ్ దగ్గర పడినది మీకు పడింది, మీ దగ్గర పడినది ఆ కుర్రాడికి పడుతుంది, అతను ఇంటికి వెళ్లి భార్య మీద చూపిస్తాడు. ఈ వరస మీ దగ్గర ఆగాలి. ఒక స్నేహితుడికి ఫోన్ చేయండి, నడవండి, టీకొట్టు దగ్గర కూర్చోండి, ఏదైనా సరే.

ఏడాదికి ఒకసారి, మార్చి లెక్కలు ముగిశాక, కస్టమర్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కరి పక్కన మూడు సంగతులు రాయండి: ఎంత మిగిలింది, డబ్బు సగటున ఎన్ని రోజులకు వచ్చింది, ఆ డబ్బు కోసం ఎన్ని గొడవలు పడ్డాం. మూడో వరసలో ఎక్కువ గీతలున్న కస్టమర్‌కు వచ్చే ఏడాది కొటేషన్‌లో రేటు పెంచండి, అడ్వాన్స్ శాతం పెంచండి. ఒప్పుకుంటే ఆ గొడవకు వాళ్లే డబ్బు కడుతున్నట్టు. ఒప్పుకోకపోతే, జాబితాలో తర్వాతి పేరుకు ఫోన్ చేయండి.